పాత టర్బో వాగను - కొనుగోలు, పోషణ

పశువుల సంతలో ఎద్దును కొనదలచిన రైతు ముందుగా దాని రంగు చూడడు. నోరు తెరిపించి పండ్లు చూచును. పది అడుగులు నడిపించి కాలి వంక చూచును. వీలైనచో కాడి కట్టించి చూచును. అమ్మువాని మాటలు వినును గాని, నమ్ముట మాత్రము తన కన్నులనే. పాత కారు కొనువారికి ఇంతకంటె మంచి పాఠము వేరొకటి లేదని మా అభిప్రాయము. ఐతే ఎద్దు వయస్సు పండ్లలో తెలియును. కారు వయస్సు, అందునను టర్బో అమర్చిన కారు వయస్సు, ఎక్కడ తెలియును? నేటి ప్రసంగమున ఈ ప్రశ్ననే విచారింతము.

ఈ ప్రశ్న స్వదేశములోని శ్రోతలకంటె విదేశములలో నున్న మనవారికి ఎక్కువ అవసరము. మన రోడ్లపై స్టేషను వాగన్లు ఎన్నడును విరివిగా తిరుగలేదు. 1992లో వచ్చిన టాటా ఎస్టేటు, 2004లో వచ్చిన ఇండిగో మెరీనా వంటివి కొంతకాలము అమ్ముడై ఆగిపోయినవి. కాని చదువునకో ఉద్యోగమునకో అమెరికా వెళ్ళిన తెలుగు యువకులు తొలి సంవత్సరములలో కొనునది తరచుగా పాత కారే. ఇల్లాలు, బిడ్డ, చూడవచ్చిన తల్లిదండ్రులు, వారి పెట్టెలు - ఇన్నియు పట్టవలెనన్నప్పుడు చూపు వాగను మీదికి పోవును. అందులో టర్బో కూడ ఉన్నదనగానే యువకుని మనస్సు ఉబలాటపడును. వెచ్చించునది మాత్రము తొలి జీతముల పొదుపో, చదువుకు తెచ్చిన అప్పులోని భాగమో అగును. బేరము బెడిసినచో ఆ సొమ్ము తిరిగి కూడుటకు ఏడాది పట్టును. కనుక ఇది వినోదముగా వినవలసిన విషయము కాదు.

స్టేషను వాగను అను పేరు రైలు స్టేషను నుండి పుట్టినది. రైలు దిగిన ప్రయాణికులను, వారి సామానును కలిపి ఇంటికి చేర్చు వాహనములకు అమెరికాలో ఆ పేరు వచ్చినది. ఇంగ్లండులో దానినే ఎస్టేటు కారందురు. పైకప్పు వెనుక అంచు వరకు సాగియుండుట, వెనుక తలుపు పైకి లేచుట, వెనుక సీటు మడిచినచో చిన్న పరుపు పరచునంత చోటు ఏర్పడుట - ఇవి దాని సుగుణములు.

ఇక టర్బో సంగతి. ఇంజనులో పెట్రోలు మండగా వచ్చిన పొగ మిక్కిలి వేడితో, వేగముతో బయటికి పోవును. అట్లు వృథాగా పోవు శక్తి ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొనయందున్న మరియొక చక్రము బయటిగాలిని అదిమి ఇంజనులోనికి పంపును. గాలి ఎక్కువైనకొలది పెట్రోలును ఎక్కువగా మండింపవచ్చును. చిన్న ఇంజను పెద్ద ఇంజను బలమును చూపును. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే దీనికి పేటెంటు పొందెను. 1962లో అమెరికాలోని ఓల్డ్స్‌మొబీల్, షెవర్లే సంస్థలు దీనిని కార్లలో అమర్చినవి. తరువాత స్వీడను దేశపు సాబ్, వోల్వో సంస్థలు దీనిని సంసారుల కార్లలోనికి తెచ్చినవి.

మన విచారణకు ఉదాహరణగా వోల్వో 850 వాగనును తీసికొందము. 850 కారు 1991లోను, దాని వాగను 1993లోను వెలువడినవి. 1994లో బ్రిటిషు టూరింగు కార్ల పందెములలో ఈ వాగనునే పరుగెత్తించుటచే చూపరులు ఆశ్చర్యపడిరి. 1997 నాటికి వి 70 అను వాగను దాని స్థానమును ఆక్రమించినది. టర్బో అమర్చిన ఐదు సిలిండర్ల 850 వాగన్లు నేటికిని అమ్మకమునకు వచ్చుచునే యున్నవి. వానిలో ఏది మేలైనది, ఏది మోసమైనది?

దీనికి సమాధానము ఆ చిన్న చక్రముల ఇరుసులో ఉన్నది. ఆ ఇరుసు నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగగలదు. దాని ఒక కొన నిప్పువంటి పొగలో ఉండును. అట్టి ఇరుసును మోయునది సన్నని ఆయిలు పొర మాత్రమే. ఆయిలు శుభ్రముగా, సరిపడునంత ఉన్నంతకాలము ఇరుసు తేలికగా తిరుగును. ఆయిలు మురికిపట్టినను, కాలక మార్చకపోయినను, సన్నని త్రోవలలో బొగ్గై పేరుకొనినను ఇరుసు అరుగును. కాబట్టి టర్బో కారు వయస్సు ఏండ్లలో లేదు, తిరిగిన మైళ్ళలోను లేదు. దానికి పోసిన ఆయిలులో ఉన్నది. మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

ఒకే వెల చెప్పిన రెండు వాగన్లను ఊహింతము. ఒకటి 1,80,000 మైళ్ళు తిరిగినది, రంగు వెలిసినది, కాని ఆయిలు ఎప్పుడు మార్చినదియు, బెల్టు ఎప్పుడు వేసినదియు తెలుపు రశీదుల కట్ట ఉన్నది. రెండవది 90,000 మైళ్ళే తిరిగినది, అద్దమువలె మెరయుచున్నది, కాగితము ఒక్కటియు లేదు. పలువురు రెండవదాని చుట్టు మూగుదురు. మేము మొదటిదే మేలందుము. తక్కువ తిరిగిన కారు అంగడికి, ఇంటికి మాత్రమే తిరిగియుండవచ్చును. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆగుచు వచ్చినచో తేమ ఆయిలులో కలిసి దానిని చెరచును.

కొనబోవునప్పుడు కారును చల్లగా ఉండగా చూడవలెను. మనము వెళ్ళుసరికే బానెట్టు వెచ్చగా ఉన్నచో, అమ్మువాడు ముందే స్టార్టు చేసి ఏదో దోషమును మరుగుపరచుచున్నాడేమో యని అనుమానింపవలెను. స్టార్టు చేసినప్పుడు పొగను గమనింపవలెను. నీలిపొగ ఆయిలు మండుచున్నదనుటకు గుర్తు. ఇంజను వేడెక్కిన తరువాతను తెల్లపొగ తీపి వాసనతో ఆగక వచ్చుచున్నచో, రేడియేటరు నీరు ఇంజనులోనికి దిగుచున్నదేమో చూడవలెను.

ఈ వోల్వోలకు సంబంధించి ఒక సులభమైన పరీక్ష కలదు. ఇంజను నెమ్మదిగా ఆడుచుండగా ఆయిలు పోయు మూత తీసి, ఆ రంధ్రముపై రబ్బరు చేతితొడుగును బిగింపవలెను. అది లోపలికి పీల్చుకొనినచో మేలు. పొట్లకాయవలె ఉబ్బినచో ఇంజను లోపలి ఆవిరిని వెడలించు బ్రీదరు గొట్టములు మూసికొనిపోయినవని అర్థము. ఆ ఒత్తిడికి ఆయిలు సీళ్ళు కారనారంభించును; వెనుక సీలు మార్చుటకు గేరుపెట్టె దింపవలసి వచ్చును. వస్తువు చవుక, కూలి ప్రియము.

తరువాత టైమింగు బెల్టు. ఈ ఇంజనులో ఆ బెల్టు తెగినచో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోవును. బెల్టు వేసిన తేదీకి రశీదు లేనిచో, వేయలేదనియే యెంచి, ఆ ఖర్చును బేరములోనే తగ్గించుకొనవలెను. బెల్టుతోపాటు దానిని బిగించు కప్పీలను, నీటి పంపును మార్చుట వివేకము.

అమెరికాలో 1996 నుండి అమ్మిన కార్లన్నింటికి దోషములను తెలుపు కంప్యూటరు సంకేతముల అమరిక ఉన్నది. చిన్న పరికరమును తగిలించి వానిని చదువవచ్చును. దోషము లేదనుటతో తృప్తిపడరాదు. కంప్యూటరు తన స్వయంపరీక్షలను పూర్తిచేసినదా యని కూడ చూడవలెను. అవి పూర్తికానిచో బ్యాటరీ ఇటీవల తీసియుండవచ్చును, లేదా మనము రాకముందు సంకేతములను తుడిచియుండవచ్చును.

వాగనునకే చెందిన చోట్లు మరికొన్ని. వెనుక తలుపు కీలువద్ద తీగెలు మాటిమాటికి వంగి తెగుచుండును; కావున వెనుక దీపములను, వైపరును ఆడించి చూడవలెను. తలుపును నిలుపు గొట్టములు బలహీనపడినచో అది తలపై పడును. బరువులు మోసి మోసి వెనుక భాగము క్రుంగినదేమో దూరము నుండి చూడవలెను. తుదకు, అమ్మువానితో సంబంధము లేని మెకానిక్కుకు రుసుము చెల్లించి టర్బో ఇరుసు కదలికను, సిలిండర్ల ఒత్తిడిని కొలిపింపవలెను. ఏనుగును కొనువాడు అంకుశమునకు వెనుకాడరాదు.

కొన్న తరువాతి పోషణ చిన్న అలవాట్ల సమాహారము. మేలైన సింథటిక్ ఆయిలును 5,000 మైళ్ళకొకసారి ఫిల్టరుతో సహా మార్చవలెను. కొలబద్దను నెలకు రెండు మారులైనను చూడవలెను. ఉదయమున స్టార్టు చేసినవెంటనే వేగము పెంచరాదు. ఆయిలు వేడెక్కువరకు నెమ్మదిగా నడుపవలెను. కొండదారి ఎక్కివచ్చినప్పుడు గాని, హైవేపై దీర్ఘముగా పరుగెత్తించినప్పుడు గాని వెంటనే ఆపక, ఒకటి రెండు నిమిషములు ఇంజనును నెమ్మదిగా ఆడనిచ్చి ఆపవలెను. గాలి ఫిల్టరు చినిగినచో ఇసుకరేణువు సైతము ఆ చక్రపు రెక్కలను విరుగగొట్టగలదు. రబ్బరు గొట్టములు ముప్పది ఏండ్లకు పెళుసుబారును. అవి పగులుటకు ముందే మార్చవలెను.

ఇక సొమ్ము మాట. చేతనున్న మొత్తమంతయు వెలకు ధారపోయరాదు. కనీసము నాలుగవ వంతు తొలి ఏడాది మరమ్మతులకై ప్రక్కన ఉంచవలెను. టర్బో మార్పిడి ఒక్కొక్కప్పుడు పాత కారు వెలలో సగమును మ్రింగును. అట్లు ఉంచుటకు శక్తి లేనివారికి, ఆయిలు చూచుటకు తీరిక లేనివారికి ఒక హితవు: ఇదే 850 వాగను టర్బో లేకుండను లభించెడిది. బిడ్డలను, పెట్టెలను అదియు అంతే భద్రముగా మోయును. బలము కొంచెము తక్కువ. బెంగ చాల తక్కువ.

మెరుపును చూచి బేరము ముగించినవాడు ఆ సాయంత్రము సంతోషించును. రశీదులు చదివి, చల్లని ఇంజనును విని, అవసరమైనచో వట్టి చేతులతో తిరిగివచ్చినవాడు ఏమియు కోల్పోలేదు. మరుసటి వారము మరియొక వాగను అమ్మకమునకు రాగలదు. శ్రద్ధతో ఎన్నుకొని, వేళకు ఆయిలు పోసి కాపాడినవానికి ఆ పాత బండియే మంచు కురిసిన ఉదయమున కుటుంబమునంతను గమ్యము చేర్చును. మీ పొదుపునకు అట్టి ఫలము దక్కవలెనని మా ఆకాంక్ష.