మంద చూలు కట్టనిచో ముందు ఆబోతును చూడుడు

(పంచాయతి సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఆవు చూలు కట్టనిచో తప్పంతయు ఆవుదేయని తలచుట మన పల్లెలలో పాత అలవాటు. రెండు మూడుసార్లు తిరిగి పొర్లిన ఆవునకు గొడ్డుమోతని పేరుపెట్టి సంతకు తోలుదురు. ఒక్క ఆవు కట్టకున్నచో లోపము దానియందే ఉండవచ్చును. కాని ఒకే ఆబోతుతో దాటించిన ఆవులు పలు ఇండ్లలో తిరిగి పొర్లుచున్నచో, ముందు ఆబోతును పరీక్షింపవలెను. ఈ మాట చెప్పుటకే మేము వచ్చితిమి.

ఆవు సుమారు 21 దినములకొకసారి ఎదకు వచ్చును. మూడు ఎదలు వృథాయైనచో 63 దినములు ఈత వెనుకబడును. మేత ఖర్చు మాత్రము ఆగదు. ఒక్క ఆవుపై బ్రతుకు గడుపు ఇంటికి ఇది చిన్న నష్టము కాదు.

ఆబోతు బలిసి, చురుకుగా దాటినంత మాత్రమున దాని వీర్యము మంచిదని చెప్పజాలము. వీర్యకణమునకు తల, నడిమి భాగము, తోక ఉండును. తల వికారముగా నున్నను, తోక చుట్టుకొనిపోయినను ఆ కణము పనికిరాదు. ఇట్టివి కొన్ని ప్రతి ఆబోతునందును ఉండును. మితిమీరినచో చూలు నిలువదు. ఇది సూక్ష్మదర్శినిలో చూచిననే తెలియును.

వృషణములు శరీరముకంటె కొంత చల్లగా ఉండవలెను. వడదెబ్బ, జ్వరము, గాయము, వాపు వీర్యమును చెరచును. ఆబోతులో వీర్యకణము తయారగుటకు సుమారు 61 దినములు, పిదప పక్వమగుటకు మరి పదిదినములు పట్టును. కావున వైశాఖమున తగిలిన ఎండదెబ్బ ఫలితము ఆషాఢమునను కానవచ్చును. వానలు పడగానే ఆబోతు కోలుకొన్నదని తలపరాదు.

బ్రూసెల్లోసిస్ అను ఈసుడు రోగము మరింత ప్రమాదకరము. అది ఆబోతునకు వృషణముల వాపును, ఆవులకు గర్భస్రావమును కలిగించును. కాచని పాలవలనను, ఈసుకుపోయిన పిండమును వట్టిచేతులతో ముట్టుటవలనను మనుష్యులకును సోకును.

ఇక పంచాయతి చేయవలసిన పనులు నాలుగు. ఏ ఆవును ఏ ఆబోతుతో ఏ తేదీన దాటించిరో, ఎప్పుడు తిరిగి పొర్లినదో ఒక పుస్తకమున వ్రాయింపుడు. పలు ఆవులు తిరిగి పొర్లినచో ఆ ఆబోతును వెంటనే మందనుండి వేరుచేసి, పశువైద్యునిచే వీర్యమును, రక్తమును పరీక్ష చేయింపుడు. ఎండదెబ్బవలననో జ్వరమువలననో వీర్యము చెడినదని తేలినచో ఆబోతును త్రోసివేయక, నీడ, నీరు, పచ్చిమేత సమకూర్చి, రెండు మూడు నెలల పిదప మరల పరీక్షింపజేయుడు. అంతవరకు కృత్రిమ గర్భధారణ చేయింపుడు. నంద్యాల, విశాఖపట్నము, కరీంనగరములందు ఘనీభవన వీర్య కేంద్రములు కలవు. అట్టి కేంద్రములలో పరీక్షించిన వీర్యమును ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల సెంటిగ్రేడు చలియందు నిలువచేయుదురు.

మీ ఊరిలో ఇకమీదట ఎవరైనను గొడ్డుమోతని ఆవును సంతకు తోలబోయినచో, ఆ పుస్తకము తెరచి చూడుడు. తప్పు ఆవుదో ఆబోతుదో తేలిన పిదపనే పలుపు విప్పనిండు.