పాత్ర దొరకని నటి, పాత్రలు పంచిన దర్శకురాలు

(వార్షికోత్సవ సందర్భమున జరిగిన సాహిత్య గోష్ఠిలోని ప్రసంగ పాఠము)



సచివాలయములలో పనిచేయు వారందరకును తెలిసిన విషయ మొకటి కలదు. ఉద్యోగిని గూర్చి ఎవరో ఎప్పుడో ఫైలులో వ్రాసిన ఒక్క వాక్యము, ఆ ఉద్యోగి కంటె ముందుగా ప్రతి గదికిని చేరును. వ్రాసినవారు బదిలీయై పోవుదురు, పదవీ విరమణ చేయుదురు. వాక్యము మాత్రము కదలదు. “ఇతడు డ్రాఫ్టు వ్రాయుటకు తగడు” అను మాట ఒకసారి పడినచో, మరల అతని చేతికి డ్రాఫ్టు రాదు. డ్రాఫ్టు రానందున ఆ మాట తప్పని చూపుటకు అతనికి మార్గమును ఉండదు.

కళారంగమునందును ఇట్టి ఫైళ్లు కలవు. అవి బీరువాలలో నుండవు, జనుల నోళ్లలో నుండును. అట్టి వాక్యము తన పేరున పడిన ఒక నటి, దానితో వాదులాడక, దానిని వ్రాయు కుర్చీలోనికే పోయి కూర్చున్న కథ నేటి ప్రసంగమునకు వస్తువు. ఆమె ఢిల్లీ ఆడపడుచు. పేరు నీనా గుప్తా.

ఈ నగరమున నివసించు తెలుగువారిలో ఆంధ్ర భవన్ భోజనశాల నెరుగనివారు అరుదు. అచ్చట భోజనము ముగించి కొంచెము దూరము నడచినచో మండీ హౌస్ చౌరస్తా వచ్చును. ఆ చౌరస్తా చుట్టును కమానీ నాటకశాల, శ్రీరామ్ సెంటర్, సంగీత నాటక అకాడమీ గల రవీంద్ర భవనము ఉన్నవి. బహావల్పూర్ హౌస్‌లో జాతీయ నాటక విద్యాలయ మున్నది. మరొక ప్రక్కన దూరదర్శన్ ప్రధాన కార్యాలయ మున్నది. నటన నేర్పు బడియు, టెలివిజను నడుపు కార్యాలయమును ఒకే చౌరస్తా చుట్టు నుండుట చూచువారికి సహజముగా తోచును. కాని చాలకాలము ఆ రెండింటికిని నడుమ దూర మెక్కువగా నుండెను. 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో టెలివిజను ప్రసారము మొదలైనప్పుడు అది ప్రయోగమాత్రమే. 1984 జూలైలో “హమ్ లోగ్” వచ్చు వరకు దేశమున ధారావాహిక నాటక మనునది ఇంటింటి మాట కాలేదు.

నీనా గుప్తా ఢిల్లీలో పెరిగి, సంస్కృతమున ఉన్నత విద్య నభ్యసించి, ఆపైన జాతీయ నాటక విద్యాలయమున శిక్షణ పొందినది. 1980ల ఆరంభమున బొంబాయి చేరినది. రిచర్డ్ అటెన్‌బరో నిర్మించిన “గాంధీ” చిత్రములో చిన్న పాత్ర లభించినది. 1982లో వచ్చిన “సాథ్ సాథ్” చిత్రములో ఫరూక్ షేక్, దీప్తి నావల్ నాయికానాయకులు. నీనాకు దొరకినది కళ్లద్దములు పెట్టుకొన్న ఒక వింత కళాశాల పిల్ల పాత్ర. ఆమె ఆ పాత్రను చక్కగా పోషించినది, జనులు చక్కగా నవ్వినారు. అక్కడనే చిక్కు వచ్చినది. ఇక నీకు నాయిక పాత్రలు రావని అనుభవజ్ఞుడైన తోటి కళాకారుడొకరు చెప్పినట్లు ఆమె తరువాతి కాలమున పలుమారులు చెప్పుకొన్నది. ఆ జోస్యము ఫలించినది.

ఇచ్చట హాస్యమునకును, అపహాస్యమునకును గల భేదమును గమనింపవలెను. హాస్యపాత్ర ధరించిన నటి జనులను నవ్వించును, అది విద్య. తెర దిగిన పిమ్మటను జనులు ఆ పాత్రనే నటి ముఖమునకు తగిలించి నవ్వుట అపహాస్యము. అది ఆమె చేసినది కాదు, ఆమెకు జరిగినది. విచిత్ర మేమనగా, నటి తన పనిని ఎంత బాగుగా చేసిన అపహాస్యము అంత గట్టిగా అతుకుకొనును. నీనా గుప్తా విషయమున జరిగిన దిదియే.

పని దొరకలేదని కాదు. 1983లో కుందన్ షా “జానే భీ దో యారో”లోను, మన హైదరాబాదు ప్రాంతమున పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్ “మండీ”లోను ఆమె నటించినది. దూరదర్శన్‌లో “ఖాన్‌దాన్”, “యాత్రా” అను ధారావాహికలలోను, 1988లో గుల్జార్ తీసిన “మీర్జా గాలిబ్”లో నవాబ్ జాన్ పాత్రలోను కనబడినది. రసజ్ఞులు మెచ్చుకొన్నారు. కాని సినిమా నిర్మాతల దృష్టిలో ఆమె నాయికకు స్నేహితురాలు, లేదా పరిహాసమునకు పాత్రము. ఆమె వ్యక్తిగత జీవితమును గూర్చి పత్రికలు కుతూహలముతో వ్రాసిన వ్రాతలు తోడయ్యెను. ధైర్యముగల స్త్రీ యను బిరుదు వచ్చినది. ఆ బిరుదు వెంట ప్రతినాయిక పాత్రలు వచ్చినవి. 1993లో “ఖల్‌నాయక్” చిత్రములో ఆమె పాల్గొన్న నృత్యగీతమును దేశమంతయు పాడినది, దేశమంతయు తిట్టినది. అయినను ఆమె కోరిన పాత్రలు రాలేదు.

ఆ సంవత్సరముననే ఆమె మరియొక పని చేసినది. కెమెరా ముందు నిలుచుట మాని దాని వెనుకకు పోయి, తన జన్మనగరమునకు తిరిగివచ్చి, పాత ఢిల్లీలోని సీతారామ్ బజారును గూర్చి “బాజార్ సీతారామ్” అను లఘుచిత్రమును తీసినది. చావడీ బజారు ప్రక్కన, హౌజ్ కాజీకి చేరువలో నున్న ఆ వీధి ఒకప్పుడు గొప్ప హవేలీలకు నెలవు. 1916లో జవహర్‌లాల్ నెహ్రూ వివాహము జరిగినది ఆ వీధిలోని హక్సర్ హవేలీలోనే. ఒకనాడు వైభవము, నేడు శైథిల్యము గల వీధిని ఆమె తన తొలి చిత్రమునకు ఎన్నుకొన్నది. దర్శకుల తొలి చిత్రములలో ఉత్తమమైన కథేతర చిత్రమునకు ఇచ్చు జాతీయ బహుమతి దానికి లభించినది. ఆ కాలముననే “వో ఛోక్‌రీ”లోని నటనకు ఉత్తమ సహాయనటిగా జాతీయ బహుమతియు వచ్చినది. బొంబాయి పరిశ్రమ ఏ నటికి పెద్ద పాత్ర లేదన్నదో, ఆమెకు ప్రభుత్వము రెండు విధముల పట్టము కట్టినది. అయినను టెలిఫోను మ్రోగలేదు. బహుమతులు గోడకు అందము; పని వేరు.

అప్పుడామె చేసిన నిర్ణయము సామాన్యమైనది కాదు. ఇతరులు పాత్ర నిచ్చువరకు ఎదురుచూచుట మాని, పాత్రను తానే వ్రాయ సంకల్పించెను. 1990ల చివరి సంవత్సరములలో స్టార్ ప్లస్ టెలివిజనులో వచ్చిన “సాఁస్” అను ధారావాహికకు రచన, దర్శకత్వము, నాయికపాత్ర మూడును ఆమెవే. సాఁస్ అనగా ఊపిరి. కథ సామాన్యమైనది. ప్రియ యను గృహిణి; అనుకూలుడైన భర్త గౌతమ్‌గా కన్వల్‌జీత్ సింగ్; ఇద్దరు బిడ్డలు; నిండు కాపురము. భర్త మనసు మనీషా యను మరియొక స్త్రీ వైపు మళ్లును. ఇంతవరకు మన నాటకములలోను, నవలలలోను వేయిసార్లు వచ్చిన కథయే. కాని భార్య విషము త్రాగలేదు, శపింపలేదు, భర్త పాదములపై పడి ఏడ్చుటతో కథ ముగియలేదు. భర్త నీడ తొలగిన పిమ్మట తన ఊపిరి తనదే యని ఆమె మెల్లమెల్లగా తెలిసికొన్నది. వంటింటిలోని మౌనము, భోజనపు బల్ల వద్ద తెగిపోయిన సంభాషణ, బిడ్డల యెదుట అణచుకొన్న కన్నీరు ఇవియే అందలి సంఘటనలు. నలుబదియేండ్ల స్త్రీలు తమ యింటిని తెరపై చూచుకొన్నట్లు చూచినారు.

ఎగతాళికి గురియైన నటికే ఇది ఎట్లు సాధ్యమయ్యె ననిన, సమాధాన మామె వృత్తిలోనే కలదు. ఏండ్ల తరబడి కథ అంచున నిలిచి మధ్యలోని వారిని చూచినది. నాయికకు చెప్పుటకు మాటలు లేక కేవలము కన్నీరు మాత్రమే ఇచ్చినప్పుడు ఆ లోటు నాయికకంటె ప్రక్కనున్న స్నేహితురాలికి బాగుగా తెలియును. అంచున నిలబెట్టినవారు తెలియకయే ఆమెకు దర్శకత్వము నేర్పినారు.

ఈ దారిన నడచినవారు ఆమెకు పూర్వమును కలరు. తెలుగువారికి భానుమతి గారిని గూర్చి చెప్పనక్కరలేదు. 1953లోనే “చండీరాణి”ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో తానే నడిపించిన ధీశాలి. సావిత్రి 1968లో “చిన్నారి పాపలు”నకు దర్శకత్వము వహించినది. ఆ యత్నము ఆర్థికముగా కలిసిరాలేదు. విజయనిర్మల అత్యధిక చిత్రములకు దర్శకత్వము వహించిన స్త్రీగా 2002లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. అయితే వీరు మువ్వురును పేరుపొందిన నాయికలు. సింహాసనము నుండి సింహాసనమునకు పోయినవారు. నీనా గుప్తాతో పోల్చదగినది అమెరికాలోని ఐడా లుపినో. పెద్ద నటి బెట్టీ డేవిస్ వద్దన్న పాత్రలు తనకు వచ్చుచున్నవని, తాను “పేదవాని బెట్టీ డేవిస్” నని తన్ను తానే పరిహసించుకొన్నది. 1949 నుండి దర్శకత్వమునకు దిగి, తరువాత టెలివిజనులో విరివిగా పనిచేసినది. “ట్విలైట్ జోన్” అను ప్రసిద్ధ ధారావాహిక తొలి పరంపరలో, 1964లో ఒక భాగమునకు దర్శకత్వము వహించి, ఆ పరంపరలో దర్శకత్వము చేసిన ఏకైక స్త్రీ యయ్యెను.

కథ ఇచ్చటనే ముగిసినచో నీతికథ వలె అందముగా నుండెడిది. జీవితము అంత సులువు కాదు. 2000 జూలై 3వ తేదీన స్టార్ ప్లస్‌లో “కౌన్ బనేగా కరోడ్‌పతి”యు, “క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ”యు ఒకే దినమున మొదలైనవి. నాటి నుండి టెలివిజను స్వరూపమే మారినది. దినదినము నడచు అత్తాకోడండ్ర కథలు వచ్చినవి. పట్టుచీరలు, ఉరుము వంటి వాద్యములు, ఒకే ముఖమును మూడుసార్లు చూపు కెమెరా వచ్చినవి. వారమంతయు ఆలోచించి వ్రాసిన మౌనమునకు అందు చోటు తగ్గినది. 2001లో బ్రిటిష్ కార్యక్రమ మొకదాని ననుసరించి వచ్చిన “కమ్‌జోర్ కడీ కౌన్” అను ప్రశ్నల పోటీని ఆమె నిర్వహించినది. పోటీదారులను కటువుగా మందలించుట అందలి పద్ధతి. మన ప్రేక్షకులకు అది రుచింపలేదు; కార్యక్రమము ఎక్కువకాలము నిలువలేదు. క్రమముగా ఆమె పేరు మరల వినబడుట తగ్గినది.

2017లో, అరువదికి చేరువైన వయస్సున, తాను ముంబయిలో నుంటిననియు, మంచి నటిననియు, మంచి పాత్రలకై చూచుచుంటిననియు ఆమె ఇన్‌స్టాగ్రాములో బహిరంగముగా ప్రకటించినది. రెండు జాతీయ బహుమతులు గల వ్యక్తి పని కావలెనని పదిమంది యెదుట అడుగుట చిన్నతన మని కొందరు తలపవచ్చును. అడుగుట చిన్నతనము కాదు. అడుగవలసినదే యని తెలిసియు, నవ్వుదురేమో యను భయమున గది తలుపు వేసికొని కూర్చుండుటలోనే మనిషి చిన్నబోవుట యున్నది. ఒకప్పుడు నవ్విన లోకము నెదుర్కొన్న స్త్రీకి ఆ భయ మెప్పుడో తీరిపోయినది.

2018 అక్టోబరులో “బధాయీ హో” వచ్చెను. ఆ కథ జరుగునది లోధీ కాలనీలోని ప్రభుత్వ క్వార్టర్లలో. రైల్వే ఉద్యోగి యింట, పెండ్లికెదిగిన కుమారుడుండగా, ఏబది యేండ్ల తల్లి గర్భవతి యగును. చుట్టుప్రక్కల వారు నవ్వుదురు. ఆ నవ్వును మోయు తల్లిగా నటించి నీనా గుప్తా ఫిలిమ్‌ఫేర్ విమర్శకుల బహుమతి నందుకొన్నది. ఆ కాలనీ మెట్లు, ఆ బాల్కనీలు, పై అంతస్తు నుండి తొంగిచూచు కన్నులు మన కుటుంబములకు క్రొత్తవి కావు. ఎగతాళి యనగా నేమో ఆ పాత్రధారిణికి ఎవరును నేర్ప నక్కరలేకపోయెను. 2020లో వచ్చిన “పంచాయత్”లో ఆమె మంజూ దేవి యను గ్రామ ప్రధాన్. పదవి భార్యది, పెత్తనము భర్తది. ఆ స్త్రీ తన కుర్చీలో తాను కూర్చుండుట నేర్చుకొను తీరు చూచినవారికి నటి జీవితకథ స్మరణకు రాక మానదు. 2024లో “ఊంచాయీ” చిత్రమునకు మరల జాతీయ సహాయనటి బహుమతి ప్రకటింపబడెను.

దీనివలన గ్రహింపవలసిన దేమి? ఓర్పు వహించినచో ఎప్పటికైన గెలుపు వచ్చు నని కాదు. ఓర్పు వహించియు గెలువనివారు అనేకులు కలరు. గ్రహింపవలసినది నవ్విన వారివైపు నుండి. మన సంఘపు వార్షికోత్సవములలో ప్రతి యేడు పిల్లలు నాటకము లాడుదురు. ఒక బాలిక గయ్యాళి అత్తగా నటించి అందరను నవ్వించును. మరునాటి నుండి కాలనీలో ఆ పిల్లను అదే పేరుతో పిలుచువారు కలరు. వారికి దురుద్దేశము లేదు. కాని రెండవ యేట ఆ పిల్లకు రుద్రమదేవి వేషము కావలెనని యుండవచ్చును. ఆమె అడుగదు, మనము ఇయ్యము. ఆ పిల్ల పేరున ఒక ఫైలు తెరువబడినది.

నీనా గుప్తా తన ఫైలును తానే తిరిగి వ్రాసికొన్నది. అందుకు ఆమెకు ఇంచుమించు నలుబది సంవత్సరములు పట్టినది. అంత వ్యవధియు, అంత గుండె దిటవును అందరకు నుండవు. కావున ఈ యేటి నాటకమునకు వేషములు పంచునప్పుడు, నిరుటి హాస్యపాత్రధారిణిని ముందుగా పిలిచి, “అమ్మా, నీకు ఏ వేషము కావలెను?” అని అడుగుదురు గాక.