కీర్తికి మూల్యము

వీరుడనగా చావుకు వెరవనివాడని సాధారణముగా చెప్పుకొందుము. మధ్యయుగపు ఆంగ్లకవులు ఆ మాటతో తృప్తిపడలేదు. వీరుని సాహసమునకు మూల్యము చెల్లించునదెవరు అని కూడ వారు విచారించినారు. శ్రోతలు మూడు కావ్యములలో ఈ విచారణను గమనింపవచ్చును.

మొదటిది 'బేవుల్ఫ్'. 3,182 పాదముల ఈ కావ్యమునకు నేడు మిగిలిన వ్రాతప్రతి ఒక్కటే. అది సుమారు క్రీ.శ. 1000 నాటిది. యౌవనములో బేవుల్ఫ్ సముద్రము దాటి వెళ్ళి, డెన్మార్కు రాజు కొలువుకూటమును 12 ఏండ్లుగా పీడించుచున్న గ్రెండెల్ అను రాక్షసుని నిరాయుధుడై హతమార్చినాడు. తరువాత తన దేశమును 50 ఏండ్లు పాలించినాడు. అప్పుడు నిప్పులు గ్రక్కు మహాసర్పము ఒకటి దేశముపై పడగా, ఆ వృద్ధరాజు మరల ఒంటరిగానే తలపడినాడు. అనుచరులు పదిమంది అడవిలోనికి పారిపోయినారు. విగ్లాఫ్ అను యువకుడొక్కడే తోడు నిలిచినాడు. సర్పము చచ్చినది, రాజును మరణించినాడు. ఒకని పట్టుదలకు అనేకులు బాధపడవలసి వచ్చునని విగ్లాఫే వాపోయినాడు. చితిచెంత ఒక స్త్రీ రాబోవు ఆపదలను తలచి విలపించినది.

రెండవది 'మాల్డన్ యుద్ధము'. ఇది చరిత్రలో జరిగిన కథ. 991లో ఎసెక్స్ సీమకు వచ్చిన వైకింగులు కప్పమడుగగా, ప్రభువు బిర్త్‌నోత్ నిరాకరించినాడు. నీటి నడుమనున్న ఇరుకుదారిని ముగ్గురు యోధులు కాచి శత్రువును నిలిపినారు. దారి విడువుమని వైకింగులు కోరగా, ప్రభువు గర్వాతిశయముతో అంగీకరించినాడు. అతడు కూలిన పిమ్మట, పారిపోయినవారు పోగా, నిలిచిన భటులు ప్రభువుకొరకు పోరాడి ఒరిగినారు. కవి వారి స్వామిభక్తిని కీర్తించినాడు గాని ప్రభువు గర్వమును దాచలేదు. ఆ యేటనే ఆంగ్లేయులు వైకింగులకు 10,000 పౌండ్ల కప్పము చెల్లించినారు.

మూడవది 14వ శతాబ్ది చివరిభాగమునకు చెందిన గవేన్ కథ. ఆర్థరు రాజు కొలువునకు ఆకుపచ్చని యోధుడొకడు వచ్చి, తన తల నరికినవాడు ఏడాదికి తిరుగు దెబ్బ తినవలెనని పందెము వేసినాడు. రాజే గొడ్డలి అందుకొనగా, గవేన్ ఆ గండమును తన మీదికి తెచ్చుకొన్నాడు. నరికిన తలను చేతబట్టుకొని ఆ యోధుడు వెళ్ళిపోయినాడు! గడువుకు బయలుదేరిన గవేన్, త్రోవలో ఆతిథ్యమిచ్చిన దుర్గాధిపతికి ఆ యా దినమున లభించినదెల్ల ఇచ్చెదనని మాట ఇచ్చినాడు. అయినను, ప్రాణము కాపాడునని విన్న ఆకుపచ్చని నడికట్టును దాచుకొన్నాడు. ఆ దుర్గాధిపతియే ఆ యోధుడు. మెడపై చిన్న గాటుతో విడిచిపెట్టినను, గవేన్ ఆ నడికట్టును తన తప్పునకు గుర్తుగా ధరించి కొలువులో అందరి యెదుట జరిగినది చెప్పినాడు.

ముగ్గురును ధైర్యవంతులే. కాని బేవుల్ఫ్ సాహసమునకు ప్రజలు, బిర్త్‌నోత్ గర్వమునకు భటులు మూల్యము చెల్లించినారు. గవేన్ మాత్రము రాజుకు రావలసిన ఆపదను తాను వహించి, తన లోపమునకు తానే సిగ్గుపడినాడు. అతని తోడివారు నవ్వి, తామును అట్టి పట్టీలనే గౌరవచిహ్నముగా ధరించినారు. శత్రువును గెలిచినవానికే కాక, తన తప్పు దాచనివానికి కూడ వీరుల నడుమ స్థానము కలదని ఆ కవి చూపినాడు.