నేల కింది నీటికి నింగిలో తూకం



చేదబావిలో నీరెంత ఉన్నదో తొంగిచూస్తే తెలుస్తుంది. బోరుబావి సంగతి అలా కాదు. మోటారుకు నీరందక ఆగేదాకా లోపలి స్థితి ఇంటివారికి తెలియదు. కంటికి కనబడని ఆ నీటి హెచ్చుతగ్గులను భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాలు తూచగలుగుతున్నాయి.

ద్రవ్యరాశి గల ప్రతి వస్తువుకూ ఆకర్షణ ఉంటుంది, నీటికీ ఉంటుంది. వానలకు నేల నీటితో నిండినప్పుడు అక్కడి ఆకర్షణ అణుమాత్రం పెరుగుతుంది, ఎండలకు తగ్గుతుంది. అమెరికా, జర్మనీలు కలిసి 2002 మార్చి 17న ప్రయోగించిన ‘గ్రేస్’ జంట ఉపగ్రహాలు ఈ తేడాను పట్టుకున్నాయి. సుమారు 500 కిలోమీటర్ల ఎత్తున, 220 కిలోమీటర్ల ఎడంతో అవి ఒకదాని వెనుక ఒకటి సాగేవి. బరువైన ప్రాంతం దగ్గరపడగానే ముందున్న ఉపగ్రహాన్ని ఆ ఆకర్షణ మొదట లాగేది; ఎడం పెరిగేది. వెనుకది చేరువయ్యేసరికి ఎడం తగ్గేది. వెంట్రుక మందంలో ఎన్నో వంతైన ఆ మార్పును సూక్ష్మతరంగాలతో కొలిచి, నెలనెలా గురుత్వ పటం గీసేవారు. 2017లో వాటి పని ముగిసింది. 2018 మే 22న బయలుదేరిన మరో జంట ఆ పనిని అందుకున్నది.

ఈ తూకం భారతదేశానికి ఒక హెచ్చరిక చేసింది. 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు రాజస్థాన్, పంజాబ్, హర్యానా, ఢిల్లీ ప్రాంతాలు 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం కోల్పోయాయని మాథ్యూ రోడెల్ బృందం 2009లో ప్రకటించింది. ఆ కాలంలో వానలు దాదాపు మామూలుగానే కురిశాయి. తోడకం మాత్రం ఊటను మించింది.

అయితే ఈ త్రాసుకు ఒక పరిమితి ఉన్నది. వందల కిలోమీటర్ల విస్తీర్ణాన్నే అది చూడగలదు. ఒక వార్డు, ఒక వీధి దానికి ఆనవు. కేంద్ర భూగర్భజల మండలి ఏటా నాలుగుసార్లు పరిశీలన బావులలో నీటిమట్టం కొలుస్తుంది. ఆ బావులైనా ప్రతి వీధిలో ఉండవు. కనుక వీధి లెక్క వీధివారే రాసుకోవాలి. మోటారు కొన్ని గంటలు ఆపి, వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి, నీరు ఎన్ని అడుగుల లోతున ఉన్నదో పుస్తకంలో తేదీతో నమోదు చేయడం నివాస సంఘాలకు భారమేమీ కాదు. మరింత లోతుకు తవ్వాలా, ఇంకుడుగుంత కట్టాలా అన్న ప్రశ్న వచ్చిన నాడు ఆ పుస్తకమే సాక్ష్యం చెబుతుంది.

ఏ ఊరినుంచి వచ్చి స్థిరపడినవారైనా, ఏ భాష మాట్లాడేవారైనా, ఒక పేటలోని ఇళ్లన్నీ తోడుకునేది తరచు ఒకే ఊటను. దాని లెక్క కూడా అందరూ కలిసి చూసుకోవలసినదే.