మన బండి బాగోగులు మనమే చూసుకుందాం
(మహబూబ్‌నగర్‌లో జరిగిన సమాఖ్య వార్షిక సమావేశంలో ఒక గ్రామ సమాఖ్య నాయకురాలి ప్రసంగ పాఠం)



పొద్దటి నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బకాయిలు విన్నరు. నాకు ఇచ్చిన విషయం వేరే. బండి. మోటార్ సైకిల్ గానీ, స్కూటీ గానీ, టీవీఎస్ ఎక్సెల్ గానీ, మనం నడిపే బండిని మనమే ఎట్ల చూసుకోవాలె అని. నేను మెకానిక్‌ను కాదు. పదో తరగతి చదివిన. బండి నడపబట్టి ఏడేండ్లు, చిన్న చిన్న పనులు సొంతంగ చేసుకోబట్టి నాలుగేండ్లు అయితుంది. నాకు చేతనైనంత వరకే చెప్తా.

మన సంఘాల అప్పుల పుస్తకాలు తీసి చూడండి. బర్రెకు, కుట్టు మిషన్‌కు తీసుకున్నట్టే ఇప్పుడు బండికి కూడా అప్పు తీసుకుంటున్నరు. కూరగాయలు జడ్చర్ల మార్కెట్‌కు తీసుకపోయేటోళ్ళు, పాలు పోసొచ్చేటోళ్ళు, మీటింగులకు నాలుగు ఊర్లు తిరిగే వీవోఏలు, అందరికీ బండి మీదనే బతుకు. బండి ఆగితే ఆ రోజు కూలి ఆగుతది, కిస్తు మాత్రం ఆగదు. మా సంఘంల ఒక చెల్లె అప్పు మీద పాత బండి కొనుక్కొని కూరగాయల యాపారం పెట్టింది. ఇంజన్ ఆయిల్ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెట్రోల్ పోస్తే చాలు అనుకుంది. ఎండాకాలంల ఒకనాడు నడి రోడ్డు మీద ఇంజన్ పట్టేసింది. బోరు పని చేయించేటందుకు మళ్ళ సంఘంలనే ఇంకో అప్పు తీసుకుంది. నాలుగైదు వందల ఆయిల్ డబ్బాకు పోయేదానికి రెండో అప్పు అయింది. అందుకే ముందుగాల ఆయిల్ సంగతే చెప్తా.

బండిని సమానమైన నేల మీద డబుల్ స్టాండ్ ఎయ్యాలె. సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతది. ఒక రెండు నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగాలె. అప్పుడు ఇంజన్ పక్కకు ఉండే ఆయిల్ మూత ఇప్పితే దానికి ఒక పుల్ల ఉంటది. పుల్లను పాత గుడ్డతోని తుడిచి మళ్ళ లోపల పెట్టి తీసి చూడాలె. చానా బండ్లకు మూత తిప్పి బిగించకుండా ఊరికె ఆనిచ్చి చూడాలె. పుల్ల మీద రెండు గీతలు ఉంటయి. ఆయిల్ ఆ రెండింటి నడుమ ఉండాలె. కింది గీత కంటే తక్కువ ఉంటే బండి తియ్యొద్దు, ఆయిల్ పోసినంకనే తియ్యాలె. పై గీత దాటి పోసుడు కూడా మంచిది కాదు.

ఆయిల్ మార్చుడు కూడా మనం చేసుకోవచ్చు. ఇంజన్ గోరువెచ్చగ ఉన్నప్పుడు కింద తట్ట పెట్టి అడుగు బోల్టు ఇప్పాలె, పాత ఆయిల్ మొత్తం కారనియ్యాలె, వాషర్ మరిచిపోకుండా బోల్టు బిగించాలె. బలమంతా పెట్టి బిగిస్తే అల్యూమినియం మర పోతది, మర పోతే మళ్ళ ఖర్చు. మన స్ప్లెండర్, యాక్టివా లాంటి బండ్లకు లీటరు లోపలనే పడుతది. ఏ నంబరు ఆయిల్, ఎంత పొయ్యాలె అనేది బండితోని ఇచ్చిన చిన్న పుస్తకంల ఉంటది. ఆ పుస్తకం మనింట్ల పెండ్లి పత్రికల నడుమ పడి ఉంటది, ఎతికి తియ్యండి. పాత ఆయిల్ బాయి కాడ, కాల్వల పొయ్యకండి, డబ్బాల పట్టి మెకానిక్ షాపుల ఇయ్యండి.

ఎక్సెల్ ఉన్నోళ్ళు ఇది వినాలె. పాత ఎక్సెల్ సూపర్ టూ స్ట్రోక్ బండి. దానికి లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలిపేది. 2015ల వచ్చిన ఎక్సెల్ 100 ఫోర్ స్ట్రోక్. దానికి పెట్రోల్‌ల ఏమీ కలపొద్దు, ఇంజన్‌కు ఆయిల్ వేరే పొయ్యాలె. రెండూ చూసేటందుకు ఒక్కతీరు ఉంటయి కాబట్టి ఇప్పటికీ కొందరు అలవాటు కొద్ది కలుపుతున్నరు. పొగ వస్తది, ప్లగ్గు నల్లగైతది, అసలు ఇంజన్‌కు పోవాల్సిన ఆయిల్ పోదు.

ఇక మన పాలమూరు దుబ్బ. చెల్క దారులు, ఎర్ర మన్ను, ముందు ట్రాక్టర్ పోతే ఎనుక మనం. ఆ దుబ్బంతా బండి ముక్కుల పోతది. బండి ముక్కు అంటే ఎయిర్ ఫిల్టర్. పట్నం బండ్ల కంటే మన బండ్లకు అది తొందరగ మూసుకపోతది. బండి గుంజకపోవుడు, పెట్రోల్ ఎక్కువ తాగుడు, నల్ల పొగ, ఇవన్నీ చానా సార్లు ఫిల్టర్ పనే. పాత బండ్లల్ల స్పాంజి ఉంటది. దాన్ని సబ్బు నీళ్ళల్ల పిసికి కడిగి, నీడకు పూర్తిగ ఆరబెట్టి, కొంచెం ఆయిల్ అద్ది పిండి మళ్ళ పెట్టుకోవచ్చు. కొత్త బండ్లల్ల నూనె పట్టించిన కాగితం ఫిల్టర్ ఉంటది. దాన్ని కడగొద్దు, గాలి కొట్టి ఊదొద్దు, మార్చుడే. ఫిల్టర్ తీసేసి నడిపితే బండి మంచిగ ఉరుకుతది అని కొందరు పిలగాండ్లు చెప్తరు. నమ్మకండి. ఆ దుబ్బ సక్కగ ఇంజన్‌లకు పోయి పిస్టన్‌ను గీకుతది.

తర్వాత ప్లగ్గు. ఇంజన్ సల్లగ ఉన్నప్పుడు మూత పీకి ప్లగ్గు పానాతోని ఇప్పి కొస రంగు చూడాలె. పాలు పోసిన చాయ రంగు ఉంటే ఇంజన్ మంచిగ ఉన్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతుంది, లేకుంటే ఫిల్టర్ మూసుకపోయింది. జిడ్డు జిడ్డుగ తడి ఉంటే ఇంజన్ ఆయిల్ కాలుతుంది, అది మెకానిక్‌కు చూపించాల్సిన పని. తెల్లగ ఉంటే ఇంజన్ ఎక్కువ కాగుతుంది. మసిని గరుకు కాగితంతోని తుడిచి మళ్ళ పెట్టేటప్పుడు ముందు చేతితోనే తిప్పాలె. చేతితోని సాఫీగ పోయినంకనే పానా పెట్టాలె. వంకరగ ఎక్కిస్తే ఇంజన్ తల మర పోతది.

చైన్ గురించి. కింది వరుస నడుమ ఏలితోని పైకి కిందికి ఆడిస్తే రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలె. ఎక్కువ ఆడితే పండ్ల మీదికెళ్ళి జారుతది. మరీ బిగిస్తే ఇద్దరు కూసుంటె ఇంక బిగుసుకొని తెగుతది. బిగించాలంటే ఎనుక చక్రం ఇరుసు నట్టు వదులు చేసి, రెండు పక్కల ఉన్న గుర్తులు సమానంగ వచ్చేటట్టు తిప్పి, మళ్ళ నట్టు గట్టిగ బిగించాలె. చైన్ బిగిస్తే చక్రం ఎనుకకు జరుగుతది, అంటే ఎనుక బ్రేకు కూడా మారుతది. అందుకే చైన్ ముట్టిన ప్రతిసారి బ్రేకు చూసుకోవాలె. చైన్‌కు ఆయిల్ ఏసేటప్పుడు ఇంజన్ బంద్ చేసి చక్రాన్ని చేతితోని తిప్పండి. ఇంజన్ నడుస్తుంటె గుడ్డ పట్టి తుడిస్తే ఏలు పోతది. నేను ఊరికె భయపెడుతలేను.

గాలి వారానికొకసారి చూపించాలె. స్ప్లెండర్‌కు ముందు 25, ఒక్కరే పోతే ఎనుక 28. యాక్టివాకు ముందు 22, ఎనుక 29. ఎనుక మనిషో బస్తానో ఉంటె ఎనుక టైరుకు ఇంకా ఎక్కువ కొట్టించాలె, ఆ లెక్క పుస్తకంల ఉంటది. ఇది పైసలు లేని పని, ఇదే మనం చెయ్యం.

ఇక ట్యూనింగ్. బండి ఆగినప్పుడు ఇంజన్ ఊరికె బంద్ అవుతున్నా, అవసరం లేకున్నా గట్టిగ అరుస్తున్నా స్లో స్క్రూ సరిచేసుకోవచ్చు. నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఇంజన్ వేడైనంకనే ముట్టాలె. సల్లటి ఇంజన్‌కు చేస్తే వేడైనంక తేడా వస్తది. కార్బొరేటర్ ఉన్న బండ్లకు ఇంకొకటి ఎయిర్ స్క్రూ ఉంటది. దాన్ని ముట్టే ముందు ఒక పని చెయ్యాలె. మెల్లగ లోపలికి తిప్పుకుంట, మూసుకునే దాక ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవాలె. మనకు తీర్మానాలు రాసుడు కొత్త కాదు గద. తేడా వస్తే రాసుకున్న లెక్కకే మళ్ళ తెచ్చుకోవచ్చు. సగం చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పకండి.

ఇది పాత బండ్ల ముచ్చట. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ సిక్స్ బండ్లే అమ్మాలె అని వచ్చింది. అప్పటి నుంచి మనం కొనే స్ప్లెండర్, యాక్టివా, ఎక్సెల్ అన్నిటికీ ఇంజక్షన్ వచ్చింది. కంప్యూటరే పెట్రోల్ లెక్క చూసుకుంటది. వాటికి తిప్పే స్క్రూలు లేవు, వైర్లు పీకొద్దు. మీటర్‌ల ఇంజన్ బొమ్మ లైటు ఆరకుండ ఎలిగితే షోరూముకు తీసుకపోవాలె.

బ్రేకుల కాడ నేను గట్టిగనే చెప్తా. డ్రమ్ము బ్రేకుకు కొసకున్న నట్టు తిప్పి వదులు, బిగువు సరిచేసుకోవచ్చు. పెడల్ రెండు మూడు సెంటీమీటర్లు దిగంగనే పట్టాలె. బ్రేకు ఇడిసినప్పుడు చక్రం రాసుకోకుండ తిరగాలె. డ్రమ్ము మీద ఒక బాణం గుర్తు ఉంటది. బ్రేకు తొక్కినప్పుడు అది గీత దాకా వచ్చిందంటే లోపల షూలు అరిగినయి. షూలు మార్చుడు, డిస్క్ బ్రేకు, ఇంజన్ ఇప్పుడు, వైరింగ్, ఇవి మనం చెయ్యొద్దు, మంచి మెకానిక్‌తోనే చేయించాలె. కాకపోతే మనకు ఇంత తెలిసి ఉంటె, మార్చిన పాత సామాను చూపియ్యి అన్నా అని అడుగొచ్చు. అడిగినోళ్ళ బిల్లు వేరే తీరు ఉంటది, మీరే చూస్తరు.

చీర కొంగు, చున్నీ సంగతి కూడా బండి పనిలనే లెక్క. చీర గార్డు పీకేసిన పాత బండి కొంటే ముందుగాల అది పెట్టియ్యండి. చున్నీ ఎనుకకు ఇడిసి కూసోవద్దు.

"ఆడోళ్ళు పానా పట్టుడు ఏంది" అని మా ఊర్ల కూడా నవ్విండ్రు. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాల 1990 దశకం మొదట్ల అక్షరాస్యత ఉద్యమంల లక్ష మందికి పైగా ఊరి ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నరు. అప్పుడు వాళ్ళను కూడా నవ్విండ్రు. మన హైదరాబాద్ నుంచి 2018ల జై భారతి గారు, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు మోటార్ సైకిళ్ళ మీద బర్మా, థాయ్‌లాండ్ దాటి వియత్నాం దాక పోయొచ్చిండ్రు. మనం వియత్నాం పోకున్నా సరే. కోయిల్‌కొండ నుంచి చీకటి పడ్డంక ఒక్కదానివే వస్తుంటే బండి ఆగితే, ప్లగ్గు ఇప్పి తుడిచి పెట్టి స్టార్ట్ చేసుకొని ఇల్లు చేరుడు మనకు కావాలె. సెల్లుల చార్జింగ్ లేకుంటే ఎవరిని పిలుస్తవు? ఎవరో తెలియనోడు బండి ఆపి "ఏమైంది" అని అడిగేదాక రోడ్డు మీద ఎందుకు నిలబడాలె?

మా గ్రామ సమాఖ్యల ఒక తీర్మానం చేసినం. ప్లగ్గు పానా, మూడు నాలుగు సైజుల పానాలు, స్క్రూడ్రైవర్, గాలి చూసే మీటర్, ఒక కొత్త ప్లగ్గు కలిపి ఒక డబ్బా సమాఖ్య ఆఫీసుల పెట్టినం. తీసుకపోయినోళ్ళు పుస్తకంల సంతకం పెట్టి తీసుకపోతరు, అదే రోజు తెచ్చి పెడుతరు. బండి ఉన్న ప్రతి సభ్యురాలు ఆయిల్ మార్చిన తారీఖు, అప్పుడు మీటర్‌ల ఉన్న కిలోమీటర్లు పొదుపు పాసుబుక్కు ఎనుక పేజీల రాసుకుంటరు. పెట్రోల్ ట్యాంకు నిండ పోయించినప్పుడు కూడా కిలోమీటర్లు రాస్తే, మళ్ళ నింపినప్పుడు లీటరుకు ఎంత ఇచ్చిందో తెలుస్తది. మైలేజీ తగ్గుడు మొదలైతే ఫిల్టర్, ప్లగ్గు, గాలి, బ్రేకు రాసుకునుడు, ఈ నాలుగు ముందు చూడాలె.

నేను బయట యాప చెట్టు కింద నా బండి డబుల్ స్టాండ్ ఏసి పెట్టిన. అన్నం తిన్నంక ఆయిల్ పుల్ల, ప్లగ్గు ఇప్పి చూపిస్త. అందరు ఒక్కొక్కసారి చేతితోని ఇప్పి మళ్ళ బిగించి చూడండి. కొంగు నడుముకు చెక్కుకొని, గాజులు పైకి జరుపుకొని రండి.