పైసా పోయిన లెక్క

గురజాల ప్రాంతమునుండి ఒక యువశ్రోత మాకు జాబు వ్రాసినాడు. నరసరావుపేటలో ఇంజనీరింగు చదివిన ఆతడు తన ఊరి రైతులకొరకు మిరప లెక్కల ప్రోగ్రాము నొకదానిని హాస్కెల్ అను కంప్యూటరు భాషలో వ్రాయుచున్నాడట. సాగరు కుడికాలువ క్రింద పండిన పంట. టిక్కీల తూకము, తరుగు, ధర, పొత్తు సేద్యగాండ్ర వాటాలు, అన్నియు ఆ ప్రోగ్రామే లెక్కకట్టవలెను. "దీనిని పరీక్షించుటకు హెచ్‌స్పెక్ మేలా, టేస్టీ మేలా?" అని ఆతని ప్రశ్న. ప్రశ్న చిన్నదే గాని దాని వెనుక కొన్ని కుటుంబముల ఏడాది కష్టమున్నది. కనుక నేటి ప్రసంగమును దానికే వినియోగించుచున్నాము.

ముందుగా ఆ భాష స్వభావమును తెలిసికొందము. 1990లో వెలువడిన హాస్కెల్, తర్కశాస్త్రజ్ఞుడు హాస్కెల్ కర్రీ పేరు ధరించినది. ఇందు ప్రోగ్రాము గణితములోని ప్రమేయముల కూర్పు. ప్రమేయమునకు ఒకే విలువ నిచ్చిన, ఎప్పుడును ఒకే ఫలితము వచ్చును. అందుచేత పరీక్షించుట సులభము. ఇచ్చినదేమి, వచ్చినదేమి అని చూచిన చాలును.

పరీక్షలు రెండు విధములు. మొదటిది ఉదాహరణ పరీక్ష. 9,000 రూపాయలను ముగ్గురికి పంచిన తలకు 3,000 రావలెను; వచ్చినది; పరీక్ష నెగ్గినది. హెచ్‌యూనిట్ అను సాధనము ఇట్టి పరీక్షల కుద్దేశింపబడినది. కాని ఇది టిక్కీ పైనున్న కాయలను మాత్రము చూచి ధర కట్టుట వంటిది. ఒక్క కోడిపోరు ఫలితముపై రాజ్యము విడిచిపోవలసివచ్చిన వీరుల గాథ విని పెరిగిన పలనాటివారికి, ఒక్క పందెముతో తీర్పు చెప్పరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవది నియమ పరీక్ష. స్వీడను దేశమున చాల్మర్స్ విశ్వవిద్యాలయములో కూన్ క్లాసెన్, జాన్ హ్యూస్ అనువారు 2000లో క్విక్‌చెక్ అను సాధనమును ప్రకటించిరి. దీనికి మనము ఉదాహరణ నీయము, నియమము నిత్తుము: "వాటాలన్నిటిని కూడిన, పంచిన మొత్తము తిరిగి రావలెను." అది తనంతట తాను యాదృచ్ఛికముగ విలువలు కల్పించి, మామూలుగా నూరుమార్లు ప్రయత్నించును. 9,000 వద్ద నెగ్గిన మన ప్రోగ్రాము 10,000 వద్ద ఏమగును? తలకు 3,333 రూపాయల 33 పైసలు. మూడును కూడిన 9,999 రూపాయల 99 పైసలు. ఒక పైసా మాయమైనది! క్విక్‌చెక్ తప్పును పట్టుటయే గాక, దానిని కుదించి కుదించి, "1 పైసాను ఇద్దరికి పంచినప్పుడు లెక్క తప్పినది" అని చూపును. అంత చిన్న ఉదాహరణము కంటబడిన, భాగహార శేషమును మరచితిమని ఎవరికైనను తోచును.

ఇక హెచ్‌స్పెక్, టేస్టీల పని. ఇవి టెస్ట్ రన్నర్లు. ప్రశ్నపత్రము కూర్చునవి కావు. హాజరు పిలిచి, పరీక్ష నడిపి, ఫలితము ప్రకటించునవి. ఉదాహరణ పరీక్షలను, నియమ పరీక్షలను రెండును నడుపగలవు. కనుక ఎన్నుకొనునప్పుడు మూడు ప్రశ్నలు వేయవలెను.

మొదటిది: అందరి హాజరును పిలుచుచున్నదా? పట్టీలో చేర్చుట మరచిన పరీక్ష ఎన్నడును తప్పదు. ఆ మౌనమును మనము విజయమనుకొందుము. హెచ్‌స్పెక్‌తో కూడ వచ్చు ఉపకరణము, 'స్పెక్' అని ముగియు పేర్లుగల ఫైళ్లను తానే వెదకి తెచ్చును. టేస్టీలో సాధారణముగ వ్రాసినవాడే పరీక్షలను చెట్టు కొమ్మలవలె పేర్చుకొనును.

రెండవది: తప్పిన పరీక్షను తిరిగి అట్లే నడుపవచ్చునా? విలువలు యాదృచ్ఛికములు గదా! రెండు సాధనములును తప్పు జరిగినప్పుడు ఒక బీజసంఖ్యను చూపును. దానిని తిరిగి యిచ్చిన అవే విలువలు మరల వచ్చును. ఆ సంఖ్యను వ్రాసి దాచుకొనవలెను.

మూడవది: పరీక్షలు వేగముకొరకు ఒకేసారి నడచునప్పుడు ఒకదానికొకటి అడ్డుపడవా? టేస్టీ పలు పరీక్షలను ఏకకాలమున నడుపగలదు. శుద్ధ ప్రమేయములకు భయము లేదు. కాని రెండు పరీక్షలు ఒకే ఖాతా ఫైలులో వ్రాసినచో చిక్కు వచ్చును.

ఒంటరిగా పని ప్రారంభించు మన మిత్రునకు హెచ్‌స్పెక్ చాలునని మా అభిప్రాయము. హాజరు పట్టీ తప్పిపోదు. పరీక్షలు పలు విధములుగ పెరిగిననాడు టేస్టీకి మారవచ్చును. వ్రాసిన నియమములు అప్పటికిని అవియే.

అయితే ఏ రన్నరును చెప్పలేని సంగతి యొకటి యున్నది. శేషించిన పైసా ఎవరికి చెందవలెను? తరుగు లెక్కలో అర కిలోను పైకి సవరింపవలెనా, క్రిందికా? ఇవి హాస్కెల్‌లో దొరకవు. తూకము జరుగుచోటికి పోయి రైతును, కాటా పట్టువానిని కూర్చుండబెట్టి అడిగి, వారు ఒప్పుకొన్న మాటనే నియమముగ వ్రాయవలెను. సాధనము నెన్నుకొనుటకు ఒక సాయంకాలము చాలును. ఈ పనికి మాత్రము పంట చేతికి రాకముందే పూనుకొనవలెనని మన మిత్రునకు మనవి.