కాల్పుల మధ్య దిగినవారు

(యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



దేవుని మందిరంలో యుద్ధం కథ ఏమిటని పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. నేను యుద్ధాన్ని సమర్థించను. అమెరికా వియత్నాంలో చేసిన యుద్ధాన్ని అసలే సమర్థించను. అయినా ఆ యుద్ధంలో జరిగిన రెండు సంఘటనలు నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

మొదటిది 1965 నవంబర్ 14న జరిగింది. ఇయా డ్రాంగ్ లోయలో ఒక చిన్న మైదానం. సైన్యం దానికి ఎక్స్‌-రే అని పేరు పెట్టుకుంది. సుమారు 450 మంది అమెరికన్ సైనికులను హెలికాప్టర్లు విడతలు విడతలుగా అక్కడ దించుతున్నాయి. అందరూ దిగకముందే ఉత్తర వియత్నాం సైన్యం విరుచుకుపడింది. దళాధిపతి హాల్ మూర్ ఒక పెద్ద చెదపుట్టను చాటు చేసుకుని యుద్ధం నడిపాడు. అంతకు మించిన రక్షణ అక్కడ లేదు. గాయపడినవారు పెరిగిపోతున్నారు, తూటాలూ నీళ్లూ అయిపోవస్తున్నాయి.

వైద్య హెలికాప్టర్లకు ఒక నియమం ఉండేది. కాల్పులు జరుగుతున్న చోట దిగకూడదు. అందుకని అవి దిగలేదు. వాళ్లను నేను తప్పుపట్టను. హెలికాప్టర్ కూలితే గాయపడినవాడూ పోతాడు, మోసేవాడూ పోతాడు. ఆ నియమం పెట్టినవాడికీ బుద్ధి ఉంది. కానీ కింద ఉన్నవాడికి రక్తం కారుతూనే ఉంది కదా!

అప్పుడు బ్రూస్ క్రాండాల్ అనే మేజర్, తనతో ఎవరు వస్తారని అడిగాడు. వీళ్లది సైనికులను చేరవేసే దళం. క్షతగాత్రులను మోయడం వీళ్ల పని కాదు, హెలికాప్టర్లలో దాడికి పనికొచ్చే ఆయుధాలూ లేవు. కెప్టెన్ ఎడ్ ఫ్రీమన్ నేనొస్తానన్నాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. పొడవెక్కువని మొదట ఆయన్ను పైలట్‌గా తీసుకోలేదట. ఆ పరిమితి మార్చాకే ఎగరగలిగాడు. ఆ రోజు ఫ్రీమన్ 14 సార్లు, క్రాండాల్ 22 సార్లు ఎగిరారు. పోయేటప్పుడు తూటాలు, నీళ్లు, మందులు. వచ్చేటప్పుడు గాయపడినవాళ్లు. తూటాలకు హెలికాప్టర్ పాడైతే క్రాండాల్ ఇంకో హెలికాప్టర్ ఎక్కాడు. ఇద్దరూ కలిసి 70 మందికి పైగా బయటికి తెచ్చారు.

ఒకసారి వెళ్లడానికి ఆవేశం చాలు. కింద ఏముందో కళ్లారా చూసొచ్చిన తరువాత రెండోసారి, పదోసారి వెళ్లడం ఆవేశంతో అయ్యే పని కాదు.

ఫ్రీమన్‌కు 2001లో, క్రాండాల్‌కు 2007లో మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. చాలా ఆలస్యంగానైనా ఇచ్చారు, సంతోషమే. అయితే ఆ హెలికాప్టర్లలో పైలట్ ఒక్కడే ఉండడు. పక్కన కో-పైలట్, వెనుక ఇద్దరు సిబ్బంది ఉంటారు. తలుపు దగ్గర నిలబడి గాయపడినవాణ్ణి లోపలికి లాగే చేతులు వాళ్లవి. వాళ్ల పేర్లు మనలో ఎవరికి తెలుసు? మన సంఘాల్లోనూ ఇంతే. శాలువా పాస్టరుగారికి, కుర్చీలు మోసినవాళ్లకు చప్పట్లు కూడా ఉండవు.

ఇక్కడ నాకొక ప్రశ్న ఉంది. ఫ్రీమన్ కాపాడినవాళ్లు ఆయన సొంత సైనికులు. సమరయుడు యెరికో దారిలో ఎత్తుకున్నది మాత్రం తనవాణ్ణి కాదు. అందుకే రెండో సంఘటన చెప్పాలి.

1968 మార్చి 16. మై లాయ్ గ్రామం. పైలట్ హ్యూ థాంప్సన్‌కు అప్పుడు 24 ఏళ్లు. అతనితో గ్లెన్ ఆండ్రియోటా, లారెన్స్ కోల్‌బర్న్. పైనుంచి చూస్తే గాయపడిన పల్లెజనం కనిపించారు. వైద్యం అందుతుందని వాళ్లున్న చోట ఆకుపచ్చ పొగ వదిలి గుర్తు పెట్టారు. సైనికులు వచ్చి వైద్యం చేయలేదు, కాల్చి చంపారు. చంపింది శత్రువు కాదు, అమెరికా సైన్యమే. ఆ రోజు చనిపోయినవారు 504 మంది అని వియత్నాం లెక్క.

ఒక నేలమాళిగలో దాక్కున్న స్త్రీలు, పిల్లలు, ముసలివాళ్ల వైపు సైనికులు వెళుతుంటే థాంప్సన్ ఇరువురి మధ్యలో హెలికాప్టర్ దించాడు. వీళ్లపై కాల్పులు జరిపితే మనవాళ్లనే కాల్చండని తన ఇద్దరికీ చెప్పి కిందికి నడిచాడు. వేరే హెలికాప్టర్లను పిలిపించి వాళ్లను పంపించాడు. తరువాత ఆండ్రియోటా శవాలతో నిండిన కందకంలోకి దిగి, ప్రాణమున్న ఒక బిడ్డను ఎత్తుకొచ్చాడు. మూడు వారాలు దాటగానే అతను యుద్ధంలో చనిపోయాడు.

దేశానికి తిరిగొచ్చాక థాంప్సన్‌కు బెదిరింపులు వచ్చాయి. శిక్షించాల్సింది ఇతన్నే అన్న చట్టసభ సభ్యుడు కూడా ఉన్నాడు. తగిన పతకం ఇవ్వడానికి 30 ఏళ్లు పట్టింది.

యవ్వనస్థులారా, ఫ్రీమన్ కథకు మనం తేలికగా ఆమేన్ అంటాం. థాంప్సన్ కథకు గొంతు కాస్త అడ్డుపడుతుంది. మన పేటలో గొడవ జరిగితే, పడిపోయినవాడు మనవాడా కాదా అని అడగకుండా ఆటో ఎక్కిస్తున్నామా? కొట్టినవాడు మన కులంవాడో మన సంఘంవాడో అయితే, స్టేషనుకు వెళ్లి సాక్ష్యం చెబుతున్నామా? నన్ను నేను కూడా అడుగుతున్నాను. ఒకటి రెండుసార్లు నేనూ నోరు మూసుకున్నాను.

1998లో థాంప్సన్, కోల్‌బర్న్ మై లాయ్‌కు తిరిగి వెళ్లారు. ఆనాడు బతికి బయటపడిన ఒక స్త్రీ థాంప్సన్ దగ్గరికి వచ్చి, చంపినవాళ్లు మీతో ఎందుకు రాలేదని అడిగింది. ఆయన కుంగిపోయాడు. ఆమె మాట ఇంకా పూర్తి కాలేదు. వాళ్లు వచ్చి ఉంటే క్షమించేవాళ్లం కదా అన్నది. అంత క్షమించే మనసు తనకు లేదని థాంప్సన్ తరువాత దాచకుండా ఒప్పుకున్నాడు.